కొండ ఇచ్చి కొన్న శాంతి

ఓరుగల్లు ఎలా పడిందని అడిగితే వరంగల్‌లో బడిపిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. 1323లో ఢిల్లీ నుంచి ఉలుగ్‌ఖాన్ వచ్చాడు, కోట పట్టుకున్నాడు, ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకుపోయాడు, కాకతీయుల కథ అంతటితో ముగిసింది. పాఠ్యపుస్తకంలో ఆ తర్వాతి పేజీలో వేరే రాజవంశం మొదలవుతుంది.

కాని ఓరుగల్లు రెండుసార్లు పడింది. మొదటిసారి ముట్టడికి పడింది. రెండోసారి ఒప్పందాలకు పడింది. ఆ రెండో పతనానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఒక ఏడు ఒక కోట పోయింది, మరో ఏడు కప్పం పెరిగింది, ఇంకో ఏడు కన్నకొడుకు పోయాడు. ఆఖరుకు రాజు తన ఏలుబడిలోని ఒక కొండను పొరుగు సుల్తానుకు రాసిచ్చి ప్రాణం కుదుటపరుచుకోవాలనుకున్నాడు. ఆ రాజు ముసునూరి కాపయనాయకుడు. ఆ కొండ గోల్కొండ.

ఈ కథ చెప్పుకోవడానికి ఖిలా వరంగల్‌ని మించిన చోటు లేదు. మట్టికోట కట్ట మీద ఇప్పుడు తుమ్మలు మొలిచాయి. ఆ కట్టను చీల్చుకుని రోడ్డు లోపలికి వెళుతుంది. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అని మూడు వాడలుగా జనం కాపురాలున్నారు. రాతికోట గోడలో పెద్దపెద్ద నల్లరాళ్లు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి పూర్తిచేసిన గోడ అది. నడిమధ్యన నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. వాటి నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు. ఆ గుడి రాళ్లను వరుసలుగా పేర్చి పెట్టారు. సగానికి విరిగిన స్తంభాలు, తామరపువ్వు చెక్కిన కప్పు పలకలు, మొహం చితికిన నందులు. ఒక పలక మీద హంసల బారు నడుస్తూ నడుస్తూ విరిగిన అంచు దగ్గర ఆగిపోయి ఉంటుంది. పక్కనే ఏకశిలా గుట్ట, దాని కింద గుండు చెరువు. ఊరికి పేరు పెట్టిన ఆ ఒక్క రాయీ అన్ని పతనాలనూ చూసింది.

1323 తర్వాత ఈ ఊరికి పేరు కూడా మిగల్లేదు. సుల్తాన్‌పూర్ అని పిలిచారు, ఆ పేరుతో నాణేలు కొట్టారు. ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరలేదు. దారిలో నర్మద ఒడ్డున ప్రాణం వదిలాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఆ రాగిరేకుల్లో అప్పటి పల్లెల దుఃఖం ఉంది. పండించినవాడికి పంట దక్కలేదని, సొమ్మున్నవాడికి సొమ్ము దక్కలేదని, గుడులు పాడుపడ్డాయని, ఎవరికీ దిక్కు లేకుండా పోయిందని అది వాపోతుంది. ఆ చీకటిలోంచి ముసునూరి ప్రోలయనాయకుడు లేచాడు. గోదావరి దగ్గరి రేకపల్లిని నెలవు చేసుకుని, చెదిరిపోయిన నాయకులను కూడగట్టాడు. ఆయన తర్వాత బాధ్యత కాపయనాయకుడి భుజాన పడింది.

కాపయ సాధించింది చిన్న పని కాదు. 1336 ప్రాంతంలో ఓరుగల్లు మీద పడి ఢిల్లీ ప్రతినిధి మాలిక్ మక్బూల్‌ను వెళ్లగొట్టాడు. ఆ మక్బూల్ కూడా తెలుగువాడే. మతం మారి, ఢిల్లీకి తిరిగిపోయి, ఫిరోజ్‌షా తుగ్లక్ కొలువులో వజీరు దాకా ఎదిగాడు. కాపయ మాత్రం పదమూడేళ్లు పరాయి పాలనలో ఉన్న రాజధానిని మళ్లీ తెలుగువారి చేతికి తెచ్చాడు. 1346 నాటి గణపేశ్వరం శాసనంలో ఆయనకు ‘ఆంధ్రదేశాధీశ్వర’ అనే బిరుదు కనిపిస్తుంది. డెబ్భై అయిదుగురు నాయకులు ఆయన్ని కొలిచారని తర్వాతి కాలపు కలువచేరు శాసనం గుర్తు చేసుకుంది. కూలిన ఇంటిని తిరిగి నిలబెట్టినవాడు అతను. అందుకే ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆ రోజుల్లోనే దక్కనులో ఢిల్లీ సర్దారులు సుల్తాను మీద తిరగబడ్డారు. తిరుగుబాటుకు జఫర్‌ఖాన్ అనే హసన్ ముందు నిలిచాడు. ఢిల్లీ అంటే కాపయకు తగని పగ. ఢిల్లీకి శత్రువైతే మనకు మిత్రుడే అనుకున్నాడు. ఓరుగల్లు రాజు పదిహేను వేల రౌతులను కౌలాసు నుంచి సాయం పంపాడని చరిత్రకారుడు ఫెరిష్టా రాశాడు. తిరుగుబాటు గెలిచింది. 1347లో హసన్ బహమన్‌షాగా సింహాసనం ఎక్కాడు. గుల్బర్గాలో కొత్త బహమనీ రాజ్యం వెలిసింది. అలా కాపయ తన పడమటి హద్దు పక్కనే, తన గుర్రాల సాయంతోనే, తనకంటే బలమైన పొరుగువాణ్ణి నిలబెట్టుకున్నాడు.

మూడేళ్లు తిరక్కుండా ఆ పొరుగువాడు దండెత్తి వచ్చాడు. 1350లో మొదట అడిగింది కౌలాసునే. నేటి కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర పొలిమేరలో, గుట్ట మీద ఉన్న కోట అది. సాయం ఏ దారిన వెళ్లిందో ఆ దారి తలుపునే అడిగాడు. కాపయ ఇచ్చాడు. కప్పం కడతానని ఒప్పుకున్నాడు. కౌలాసు పోతే ఏమైంది, ఓరుగల్లు ఉందిగా అని ఆనాటి కొలువులో ఎవరో ఒకరు అని ఉంటారు. రాజ్యాలు కరిగిపోయే కాలంలో ప్రతి కొలువులోనూ అలాంటి మాట వినిపిస్తుంది. 1356లో బహమనీ సేన ఇంకా లోపలికి, భువనగిరి దాకా వచ్చింది.

1358లో బహమన్‌షా పోయి కొడుకు మొదటి మహమ్మద్‌షా వచ్చాడు. కొత్త సుల్తాను కదా, ఇదే అదను అనుకుని కౌలాసును తిరిగి ఇమ్మని కాపయ అడిగించాడు. సుల్తాను రాయబారులతో మాటలు నడుపుతూ కాలం గడిపి, సైన్యం సమకూర్చుకున్నాక కాదన్నాడు. కాపయ తన కొడుకు వినాయకదేవుణ్ణి కౌలాసు మీదికి పంపాడు. ఆ దాడి ఫలించలేదు.

ఆ తర్వాత జరిగిన ఘోరం ఒక బేరంలో మొదలైంది. ఫెరిష్టా చెప్పిన ప్రకారం, గుర్రాల వర్తకులు కొందరు గుల్బర్గా వచ్చి, మంచి గుర్రాలన్నీ దారిలో వేలంపట్టణంలో వినాయకదేవుడు తక్కువ ధరకు లాక్కున్నాడని మొరపెట్టుకున్నారు. సుల్తానుకు కావలసిన సాకు దొరికింది. 1362లో కొద్దిపాటి సేనతో వేగంగా వచ్చి, మనుషులను వర్తకుల వేషంలో ముందు పంపి ఆ ఊరి కోట వాకిలి తెరిపించాడు. వినాయకదేవుడు పట్టుబడ్డాడు. సుల్తాను ఎదుట తల వంచక ఎదురు మాట్లాడాడు. నాలుక కోయించి, గోడ మీంచి మంటల్లోకి విసిరించారు. తిరుగుదారిలో తెలుగు సేనలు వెంటాడి వేటాడాయి, సుల్తాను చేతికే గాయమైంది, వచ్చినవారిలో సగం మంది కూడా తిరిగి వెళ్లలేదు. ఆ వెంటాడటంలో ఒక తండ్రి గుండె మంట ఉంది. కాని వెంటాడినంత మాత్రాన కొడుకు తిరిగి రాడు.

కాపయ ఒంటరివాడయ్యాడు. రాచకొండ, దేవరకొండల్లో రేచర్ల వెలమ నాయకులు సొంతంగా బలపడ్డారు. తీరంలో కొండవీటి రెడ్లు తమ రాజ్యం తాము ఏలుకుంటున్నారు. ఒకప్పుడు ప్రోలయ పిలుపుకు ఒక్కతాటి మీద నడిచిన నాయకులకు ఇప్పుడు ఎవరి పొలిమేర వారిది. దిక్కుతోచక కాపయ ఢిల్లీ ఫిరోజ్‌షా సాయం కోరాడు. ఏ ఢిల్లీని వెళ్లగొట్టి పేరు తెచ్చుకున్నాడో ఆ ఢిల్లీ ముందే చేయి చాచాడు. ఢిల్లీ కదల్లేదు. కబురు మాత్రం గుల్బర్గా చేరింది. సుల్తాను ఈసారి మొత్తం బలగంతో వచ్చాడు. ఒక దళం గోల్కొండ వైపు, ఒక దళం ఓరుగల్లు వైపు నడిచాయి. రాజు అడవుల పాలయ్యాడు. ఊళ్లు దోపిడీ అయ్యాయి.

1364 ప్రాంతంలో సంధి కుదిరింది. 300 ఏనుగులు, మేలుజాతి గుర్రాలు, లక్షల్లో ధనం సుల్తానుకు ముట్టాయని ఫెరిష్టా లెక్క. వాటితోపాటు గోల్కొండ, దాని చుట్టుపక్కల సీమ. ఇకపై రెండు రాజ్యాలకూ గోల్కొండే హద్దు.

అమ్మకం అంటే వస్తువు పోయి డబ్బు వస్తుంది. కాపయ చేసినదాన్ని అమ్మకమని కూడా అనలేం. కొండ ఇచ్చి, దాని మీద డబ్బు కూడా ఇచ్చాడు. బదులుగా వచ్చింది ఒక మాట. ఆ మాట గట్టిపడాలని, ఇచ్చిన వాటన్నిటికీ పైన, తన ఖజానాలోని అన్నిటికంటే విలువైన వస్తువును తానే ముందుకొచ్చి ఇచ్చాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్‌కు కానుకగా చేయించిన సింహాసనం అది. నల్లచేవ కర్ర మీద బంగారు రేకు తాపి, రత్నాలు పొదిగి, ఆకాశనీలం రంగు మీనాపని చేశారు. ఆ రంగు వల్లే దానికి తఖ్త్-ఎ-ఫిరోజా అని పేరు. సుల్తాను వంశీకులు గోల్కొండ హద్దు దాటి రారని హామీ ఇస్తే ఆ సింహాసనం సుల్తానుదే. హామీ దొరికింది. సుల్తాను గుల్బర్గా వెళ్లి, తండ్రి కూర్చున్న వెండి సింహాసనాన్ని పక్కన పెట్టించి, దీని మీద కొలువు తీర్చాడు.

ఓరుగల్లు కొలువులో ఆ పూట ఊపిరి పీల్చుకుని ఉంటారు. పోయిందేమిటని చూస్తే, అప్పటి గోల్కొండ ఒక బోడి రాతికొండ. ఎత్తు నాలుగు వందల అడుగుల లోపే. పైన కాకతీయుల నాటి మట్టికోట ఉండేదని చెబుతారు. చుట్టూ గుండ్లు, తుప్పలు, గొర్రెలూ మేకలూ మేసే బీళ్లు. పక్కన పారే మూసీ కూడా పెద్ద నది కాదు. ఓరుగల్లు చెరువుల కింద పండే మాగాణి ముందు అది ఎందుకూ కొరగాని నేల. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇచ్చేవాడి కంటికి అది గొర్రెల బీడు. పుచ్చుకున్నవాడి కంటికి అది పడమటి దారులను కాచే ఎత్తు, నాలుగు దిక్కులూ కనబడే చూపు, ఎంత పెద్ద కోటకైనా సరిపడా రాయి. కొండ ఈరోజు ఏమిటో ఇచ్చేవాడు చూశాడు. రేపు ఏమవుతుందో పుచ్చుకున్నవాడు చూశాడు.

నాలుగేళ్లు గడిచాయి. కాపయకు సుల్తాను భయం తీరింది. చావు మాత్రం ఇంటివాళ్ల చేతిలోనే వచ్చింది. 1368 ప్రాంతంలో ఓరుగల్లు దగ్గరి భీమవరం యుద్ధంలో రేచర్ల అనపోతానాయకుడి సేనల చేతిలో కాపయ కూలిపోయాడు. 1369 నాటికి అనపోతానాయకుడి శాసనం అయినవోలులో, కోట నుంచి పూటలో నడిచిపోయేంత దూరంలో, వెలిసింది. కాపయ చనిపోయాక నాయకులంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లి ఏలుకున్నారని కలువచేరు శాసనం అంటుంది. ఒక రాజ్యం చెదిరిపోవడాన్ని ఇంతకంటే పొదుపుగా, ఇంతకంటే దయలేకుండా చెప్పలేం. అంత ఇచ్చి కొన్న హామీని అనుభవించడానికి కొన్నవాడు బతికి లేడు, వారసుడు అంతకుముందే మంటల్లో పోయాడు.

హామీ సంగతీ అంతే. అరవై ఏళ్ల తర్వాత, 1424లో, అహ్మద్‌షా బహమనీ గోల్కొండ హద్దు దాటి వచ్చి ఓరుగల్లును పట్టుకున్నాడు. సింహాసనం గతి మరీ విచిత్రం. ఒక్కో సుల్తాను తన వంతు రత్నాలు చేర్చుతూ పోయేసరికి ఆ నీలం రంగు మొత్తం కప్పుబడిపోయింది. చివరికి బహమనీ రాజ్యం క్షీణించిన రోజుల్లో, గిన్నెలకూ పాత్రలకూ రాళ్లు కావాలని దాన్ని విడదీశారు. అప్పుడు వెల కడితే కోటి హొన్నులు పలికిందని ఫెరిష్టా రాశాడు. మాట ఇచ్చిన వంశం పోయింది, మాటకు వెలగా ఇచ్చిన సింహాసనం ముక్కలైంది.

కొండ మాత్రం పెరిగింది. బహమనీలు దానికి ముహమ్మద్‌నగర్ అని పేరు పెట్టారు. వాళ్ల రాజ్యం విరుగుతున్నప్పుడు సుల్తాన్ కులీ కుతుబ్‌షా ఆ కొండను ఆసరా చేసుకుని 1518లో తన రాజ్యం మొదలుపెట్టాడు. ఆ రాజ్యం ఓరుగల్లును కూడా మింగింది. మట్టిగోడ రాతిగోడ అయింది. 1562లో హుస్సేన్‌సాగర్ నిండింది. 1591లో మూసీకి ఆవల హైదరాబాద్ పుట్టింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు ఈ కొండ పేరుతో ప్రపంచమంతా చలామణి అయ్యాయి. వజ్రాలు ఎక్కడ తవ్వినా గోల్కొండ వజ్రాలే. 1687లో ఔరంగజేబు దీన్ని పట్టుకోవడానికి నెలల తరబడి కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆషాఢం వస్తే బోనాలు మొదలయ్యేది గోల్కొండ మీదే. అంటే కొండ ఎక్కడికీ పోలేదు. అక్కడి జనమూ పోలేదు. పోయింది ఓరుగల్లు. ఏకశిల కింద ఉండాల్సిన రాజధాని, తాను వదులుకున్న బీడుకు తరలిపోయింది. తెలుగు నేలకు తలకాయలా ఉన్న ఊరు ఒక సుబా పట్టణమైంది, తర్వాత జిల్లా కేంద్రమైంది, కోట లోపలి జనం పొలాలు దున్నుకున్నారు. కాకతీయ తోరణం రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది. రాజధాని మాత్రం గోల్కొండ పక్కనే ఉండిపోయింది.

కాపయను నిందించడానికి నాకు మనసు రాదు. కొడుకును అంత క్రూరంగా పోగొట్టుకుని, అడవుల్లో తలదాచుకున్న మనిషి ఏం చేయగలడు? జనం ప్రాణాలు కాచుకోవడానికి కొండ ఇచ్చానని అతను చెబితే ఎదురు చెప్పే సాహసం ఎవరికుంటుంది? అయినా ఒక మాట చెప్పుకోవాలి. అతను ఒక్కసారి ఇచ్చి ఉంటే అది ఆపద్ధర్మం. కౌలాసు దగ్గర మొదలైన ఇవ్వడం గోల్కొండ దాకా వచ్చేసరికి అది అలవాటైంది. గండం వచ్చిన ప్రతిసారీ నేలలో ఒక ముక్క కోసి ఇస్తే గండం గడుస్తుందని కొలువు నమ్మింది. ఆ గండం ఎందుకు వస్తోందో, తోటి నాయకులు ఎందుకు దూరమయ్యారో సరిచేసుకునే పని మాత్రం పక్కన ఉండిపోయింది. ఓరుగల్లును రెండోసారి కూల్చింది సుల్తాను కాదు, ఈ నమ్మకం.

ఆ నమ్మకం ఇంకా చావలేదు. గోల్కొండ బాలాహిసార్ ఎక్కి పడమర వైపు చూస్తే ఆకాశాన్ని అంటే మేడలు కనిపిస్తాయి. ఆ వైపే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టు 3న ప్రభుత్వ భూములను వేలం వేశారు. 45.33 ఎకరాలకు 3,319 కోట్ల రూపాయలు వచ్చాయి. ఒక ప్లాటులో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ రోజు పత్రికలన్నీ రికార్డు అని రాశాయి. కంచ గచ్చిబౌలిలో గుండ్లూ పొదలూ నెమళ్లూ ఉన్న 400 ఎకరాలను కూడా ఇలాగే అభివృద్ధి చేసి అమ్మాలనుకున్నారు. విద్యార్థులు అడ్డం పడ్డారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా చెప్పే కారణం ఒకటే. ఖజానాకు అవసరం ఉంది. ఓరుగల్లు ఖజానాకూ అవసరం ఉండింది.

భూమి అమ్మిన సొమ్ము ఒక బడ్జెట్‌లో వచ్చి అదే బడ్జెట్‌లో ఖర్చయిపోతుంది. భూమి మళ్లీ రాదు. మరుసటి ఏడు గండానికి ఇంకో ముక్క కావాలి. అలా ముక్క వెంట ముక్క ఇస్తూ పోతే ఒకనాటికి ఇవ్వడానికి ఏమీ మిగలదు, గండాలు మాత్రం మిగులుతాయి. ఇది ఊహించి చెబుతున్నది కాదు, మన ఊళ్లో జరిగింది.

అందుకని ఈ కథ చదివినవారికి ఒకటే మనవి. మీ ఊరి గుట్టకో, బీడుకో, కంచెకో ధర కడుతున్నారని తెలిసిన రోజున, ఎంత పలికిందని మాత్రమే అడగకండి. ఆ సొమ్ము ఎన్నాళ్లు ఉంటుందని అడగండి. అది పుచ్చుకునేవాడు అందులో ఏం చూస్తున్నాడని అడగండి. మన పిల్లలకు అది ఏమయ్యేదని అడగండి. ఈ ప్రశ్నలు వేలానికి ముందే అడగాలి. తర్వాత అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు.